ఫుల్ మారథాన్‌కి పేరు ఇవ్వమంటున్నారు, నాకు కిలోమీటర్ కూడా రావట్లేదు (బెంగళూరు)

బెల్లందూర్_బ్యాచిలర్ · సోమవారం రాత్రి 11:20
అందరికీ నమస్తే. నాది విజయవాడ, ఇక్కడ అవుటర్ రింగ్ రోడ్ మీద ఆఫీసు, పొద్దున కుర్చీలో కూలబడితే మళ్ళీ రాత్రికే లేవడం. మా టీంలో కొంతమంది అక్టోబర్‌లో బెంగళూరు మారథాన్‌కి పేర్లు ఇస్తున్నారు, అది కూడా ఫుల్ అంట, నువ్వు కూడా ఇవ్వు ఇవ్వు అని ఒకటే పోరు. నాకు పరుగంటే బస్సు వెనకాల పరిగెత్తడం ఒక్కటే తెలుసు. మొన్న మా అపార్ట్‌మెంట్ బయట ట్రై చేశా, కిలోమీటర్ దాటకముందే గుండె నోట్లోకొచ్చేసింది, డొక్కలో పోట్లు వేరే. వయసు 29, బరువు 84. ఇప్పుడు జూన్ కదా, అక్టోబర్‌కి సరిపోద్దా? షూస్ ఏవి కొనాలి, ఏం తినాలి, ఎక్కడ పరిగెత్తాలి, ఇంటర్నెట్‌లో ఒక్కొక్కడు ఒక్కో మాట చెప్తున్నాడు, మన తెలుగోళ్ళలో పరిగెత్తినోళ్ళు ఎవరైనా ఉంటే కాస్త చెప్పండి ప్లీజ్.

బీటీఎం_బాబాయ్ · సోమవారం రాత్రి 11:52
ఫుల్ వద్దబ్బాయ్. ఈ ఏడు వద్దు. భయపెట్టడానికి కాదు, లెక్క చెప్తా విను. ఫుల్ అంటే 42.195 కిలోమీటర్లు, హాఫ్ అంటే అందులో సగం, 21.0975. కిలోమీటర్‌కి 8 నిమిషాలు అనుకో, అది పెద్ద స్పీడేం కాదు, అయినా ఎక్కడా ఆగకుండా అదే పట్టు పట్టి వెళ్తే ఫుల్ అయ్యేసరికి 5 గంటల 37 నిమిషాలు. ఐదున్నర గంటలు కాళ్ళు నేలని కొట్టుకుంటూ ఉండాలన్నమాట. నీ ఊపిరి నాలుగు నెలల్లో దారికొస్తుందేమో గానీ నీ కాళ్ళకి అంత టైం చాలదు. అక్టోబర్‌లో 10కె, అంటే పది కిలోమీటర్లది, పరిగెత్తు, బాగా కుదిరితే వచ్చే ఏడు హాఫ్, ఆ తర్వాత ఫుల్ సంగతి. నేను మొదలుపెట్టేటప్పటికే నలభై దాటాయి, ఆ వరసలోనే వెళ్ళా, ఇప్పటికీ పరిగెత్తుతున్నా.

బెల్లందూర్_బ్యాచిలర్ · మంగళవారం ఉదయం 9:05
బాబాయ్ గారూ థాంక్స్, కానీ అందరూ ఫుల్ అంటుంటే నేనొక్కడినే 10కె అంటే ఆఫీసులో ఆడేసుకుంటారు 😅

బీటీఎం_బాబాయ్ · మంగళవారం ఉదయం 9:11
ఆడుకోనీ. ఆ ఫుల్ వాళ్ళలో ఎంతమంది స్టార్ట్ లైన్ దాకా వస్తారో నవంబర్‌లో ఇక్కడే చెప్పు.

కబ్బన్_అక్క · మంగళవారం ఉదయం 10:30
కిలోమీటర్‌కే గుండె నోట్లోకి వచ్చిందంటే నీకు దమ్ము లేదని కాదు తమ్ముడూ, మరీ స్పీడ్‌గా పరిగెత్తావని. కొత్తగా వచ్చేవాళ్ళందరిదీ ఇదే వరస, పరుగంటే స్కూల్లో వంద మీటర్ల పందెం గుర్తొస్తుంది కదా, అట్లా దూసుకుపోతారు. నేను చెప్పేది ఒక్కటే, పక్కన ఎవరైనా ఉంటే పరిగెత్తుతూనే వాళ్ళకి నిన్న రాత్రి ఏం కూర వండావో, ఎట్లా వండావో మొత్తం చెప్పగలగాలి. తాలింపు దగ్గరే రొప్పు వచ్చేస్తే స్పీడ్ ఎక్కువైనట్టే, తగ్గించు. ఒంటరిగా అయితే ఫోన్‌లో అమ్మతో మాట్లాడు, నీకు ఆయాసం వస్తే ఆవిడే అడుగుద్ది ఏమైందిరా అని 😄

మొదటి నెల పరిగెత్తు-నడువు పద్ధతి పెట్టుకో. ఒక నిమిషం మెల్లగా పరుగు, రెండు నిమిషాలు నడక, మొత్తం అరగంట. వారానికి మూడు రోజులు చాలు, రోజు విడిచి రోజు. హాయిగా అనిపిస్తే పరుగు నిమిషాలు పెంచు, నడక తగ్గించు. ఇది చిన్నతనమేం కాదు, జెఫ్ గాలోవే అని అమెరికా ఒలింపిక్ రన్నర్ ఇదే పద్ధతిని దశాబ్దాల పాటు నేర్పించాడు, ఫుల్ మారథాన్‌లు కూడా ఇట్లా నడుస్తూ పరిగెత్తి పూర్తి చేసేవాళ్ళు బోలెడంతమంది.

చోటు అంటావా, ఆదివారం తెల్లారేసరికి కబ్బన్ పార్క్‌కి రా. వెదురు పొదల వైపు నుంచి లోపలికొస్తే ఎక్కడ చూసినా రన్నర్లే, ఒక గుంపు గట్టు మీద కాళ్ళు చాచి స్ట్రెచింగ్, ఇంకో గుంపు చెట్టు కింద బ్యాగులన్నీ కుప్పేసి ఒకళ్ళని కాపలా పెట్టి వెళ్తారు, డెబ్బై ఏళ్ళ తాతగార్లు మనల్ని దాటుకుంటూ పోతారు. చెట్ల నీడ, పొద్దున పూట బండ్ల గోల ఉండదు. మామూలు రోజుల్లో అంత దూరం రావడం నీకు కుదరదు కాబట్టి అగర చెరువు గట్టో, కైకొండ్రహళ్ళి చెరువో చూసుకో, మట్టి దారి కాళ్ళకి మంచిది.

చెన్నై_చెమట · మంగళవారం మధ్యాహ్నం 1:15
బెంగళూరు వాళ్ళు అదృష్టవంతులండీ. మీ ఊరు సముద్ర మట్టానికి 900 మీటర్ల ఎత్తులో ఉంది, జూన్‌లో కూడా తెల్లవారుజామున చల్లగా ఉంటది. మేం ఇక్కడ బెసెంట్ నగర్ బీచ్ రోడ్డులో ఐదింటికి మొదలెట్టినా చొక్కా పిండితే బకెట్ నిండుద్ది. గాల్లో తేమ 80 శాతం పైన ఉంటే చెమట ఆరదు, ఆరకపోతే ఒళ్ళు చల్లబడదు, గుండె అదే స్పీడ్‌కి ఎక్కువ కొట్టుకుంటది. అందుకే వాచీలో పేస్, అంటే కిలోమీటర్‌కి ఎన్ని నిమిషాలో, చూడ్డం మానేసి ఆయాసాన్ని బట్టి పరిగెత్తుతాం. ఇది ఎందుకు చెప్తున్నానంటే బెంగళూరులో ట్రైనింగ్ చేసి ధీమాగా చెన్నై మారథాన్‌కో ముంబైకో జనవరిలో వచ్చి సగం దారిలో చతికిలబడిన ఫ్రెండ్స్ ఉన్నారు నాకు. వేడికి ఒళ్ళు అలవాటు పడాలంటే పది పద్నాలుగు రోజులు పడుతుంది.

ఇంకోటి, చెమట పోతుంది కదా అని ఉత్త నీళ్ళు కడుపునిండా తాగేయొద్దు. రక్తంలో సోడియం పలచబడిపోతే తలనొప్పి, వాంతులు, ముదిరితే ఫిట్స్ కూడా వస్తాయి. నిదానంగా ఐదారు గంటలు పరిగెత్తేవాళ్ళకే ఈ రిస్క్ ఎక్కువ, ప్రతి స్టాల్ దగ్గరా ఆగి రెండు గ్లాసులు తాగుతారు మరి. దాహమేస్తే తాగండి, గంట దాటే పరుగైతే ఓఆర్ఎస్ కలుపుకోండి, ప్యాకెట్ మీద లీటర్‌కి అని ఉంటే లీటర్‌కే కలపాలి, చిన్న బాటిల్లో మొత్తం పోసేయకూడదు.

నమ్మకం_లేదు · మంగళవారం మధ్యాహ్నం 2:40
ఇదంతా ఎందుకండీ. మా పెదనాన్న చెప్పేవారు మోకాళ్ళు దేవుడిచ్చిన టైర్లు, ఎంత వాడితే అంత అరిగిపోతాయి అని. హాయిగా వాకింగ్ చేసుకోక. నలభై ఏళ్ళకి మోకాలి ఆపరేషన్లు చేయించుకుంటారు మీరంతా.

ఫిజియో_వైట్‌ఫీల్డ్ · మంగళవారం సాయంత్రం 6:20
నేను ఫిజియోథెరపిస్ట్‌ని, రోజూ ఇవే కేసులు చూస్తా కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తా. మోకాలు టైర్ కాదండీ, ప్రాణమున్న కణజాలం. లోడ్ మెల్లగా పెంచితే అది గట్టిపడుతుంది. సరదాగా పరిగెత్తేవాళ్ళలో మోకాలి కీళ్ళు అరగడం ఎక్కువని తేలలేదు, అసలు కదలకుండా కూర్చునేవాళ్ళతో పోలిస్తే తక్కువే కనిపించింది. పాత దెబ్బ, లిగమెంట్ ఆపరేషన్, బాగా ఎక్కువ బరువు ఉన్నవాళ్ళ సంగతి వేరు, వాళ్ళు చూపించుకుని మొదలెట్టాలి.

అసలు గొడవ ఎక్కడొస్తుందంటే, గుండె, ఊపిరితిత్తులు కొన్ని వారాల్లోనే మెరుగుపడతాయి. ఎముకలు, టెండాన్‌లు (కండరాన్ని ఎముకకి కట్టి ఉంచే తాళ్ళలాంటివి) అట్లా కాదు, వాటికి నెలలు కావాలి. రెండో నెలకి మనిషికి ఆయాసం తగ్గిపోతుంది, భలే ఉందే అని ఒక్కసారి 5 నుంచి 12 కిలోమీటర్లకి దూకుతాడు, మూడో వారం నా దగ్గరకొస్తాడు, ముంగాలి ఎముక లోపలి అంచున నొప్పి అని. షిన్ స్ప్లింట్స్ అంటాం. ఎముక పొడుగునా నొప్పి పరుచుకుని ఉంటే రెస్ట్ ఇచ్చి దూరం తగ్గిస్తే చాలావరకు సర్దుకుంటుంది. ఒకే చోట వేలు పెడితే ప్రాణం పోయినట్టు ఉండి, రాత్రి పడుకున్నా సలుపుతుంటే మాత్రం పరుగు ఆపేసి డాక్టర్ దగ్గరికెళ్ళండి, ఎముకకి సన్నటి పగులు వచ్చి ఉండొచ్చు.

వారానికి పది శాతం కంటే ఎక్కువ పెంచొద్దు అని ఒక మాట ఉంది, అదేం రాజ్యాంగం కాదు గానీ కొత్తవాళ్ళకి పనికొస్తుంది. మూడు వారాలు పెంచుతూ నాలుగో వారం తగ్గించండి. వారానికి రెండు రోజులు గుంజిళ్ళు, మెట్టు మీద మడమలు ఎత్తి దించడం, ప్లాంక్, ఇరవై నిమిషాలు చాలు. జనాలు షూస్‌కి పదిహేను వేలు పెడతారు గానీ ఈ ఇరవై నిమిషాలు పెట్టరు.

84 కిలోలు, కూర్చునే ఉద్యోగం అన్నారు కాబట్టి ఒకసారి బీపీ, షుగర్ చూపించుకోండి, ఇంట్లో ఎవరికైనా చిన్న వయసులో గుండె జబ్బు వచ్చి ఉంటే డాక్టర్‌కి తప్పకుండా చెప్పండి. పరిగెత్తేటప్పుడు ఛాతీలో పట్టేసినట్టున్నా కళ్ళు తిరిగినా గ్యాస్ అనుకుని లాగించొద్దు.

నమ్మకం_లేదు · మంగళవారం సాయంత్రం 6:48
సరే డాక్టర్ గారూ, టైర్ మాట వెనక్కి తీసుకోను గానీ మా ఆవిడకి మీ పోస్ట్ చూపించా, రేపట్నుంచి లాల్‌బాగ్ అంటోంది. నా ఖర్మ.

బెల్లందూర్_బ్యాచిలర్ · మంగళవారం రాత్రి 10:02
ఇన్ని రిప్లైలు వస్తాయనుకోలేదు 🙏 ఇందాక అక్క చెప్పినట్టు ఒక నిమిషం పరుగు రెండు నిమిషాలు నడక చేశా, అరగంట ఉన్నా, నమ్మలేకపోతున్నా. కానీ ఇద్దరు ఆంటీలు వాకింగ్‌లో నన్ను దాటేశారు. షూస్ సంగతి చెప్పండి ఎవరైనా. కార్బన్ ప్లేట్ షూస్ (అడుగున గట్టి పలక ఉండేవి) ఆఫర్‌లో ఉన్నాయి, తీసుకోనా?

గచ్చిబౌలి_టు_హెచ్ఎస్ఆర్ · మంగళవారం రాత్రి 10:25
అన్నా ఆగు ఆగు కొనకు. అవి రేసులకు, స్పీడ్‌గా ఉరికేటోళ్ళకు. నీకు మామూలు రన్నింగ్ షూ చాలు, మెత్తగ ఉండాలె, వేళ్ళ ముందు బొటనవేలి గోరంత జాగా ఉండాలె. సాయంత్రం పూట పోయి కొను, అప్పటికి పాదాలు జర ఉబ్బి ఉంటయ్. ఉరికేటప్పుడు గూడ ఉబ్బుతయ్ కాబట్టి రోజు వేసుకునే సైజ్ కంటె అర సైజ్ పెద్దది చూస్కో, లేకపోతే గోర్లు నల్లగై ఊడుతయ్. డెకాత్లాన్ల దొరికే రన్నింగ్ షూ తోని మొదలువెట్టినోళ్ళు మస్తుమంది ఉన్నరు, మా గ్యాంగ్‌ల సగం మంది అంతే. కాటన్ సాక్స్ వేస్కోకు, చెమటకు తడిసి బొబ్బలొస్తయ్. షూ 600, 800 కిలోమీటర్ల మధ్యల మార్చాలె అంటరు.

హైదరాబాద్ మారథాన్ ఆగస్టుల ఉంటది, దానికి గిట్ల మొదటిసారే పోకు తమ్మీ. ఒక ఫ్లైఓవర్ ఎక్కి దిగినం అనుకుంటే ఇంకోటి ఎదురైతది, పైనుంచి ఉక్కపోత.

రాగిసంగటి · బుధవారం ఉదయం 7:40
తిండి గురించి ఎవరూ రాయలేదే. మాది అనంతపురం. పొడుగు పరుగుకి ముందు రోజు రాత్రి సంగటి, పప్పు. ఇంక వేరే ఏం అక్కర్లేదు. పరుగు మధ్యలో మింగే ఆ తీపి జెల్లులు గిల్లులు అంతా డబ్బు దండగ.

కబ్బన్_అక్క · బుధవారం ఉదయం 8:15
సంగటి మంచిదే అన్నా, రోజువారీకి దాన్ని మించింది లేదు. కానీ రేసు ముందు రాత్రి మాత్రం పీచు ఎక్కువున్నవి, పప్పు, కారం తగ్గించుకోవాలి, ఎందుకో పదో కిలోమీటర్ దగ్గర తెలుస్తుంది, టాయిలెట్ మాత్రం పన్నెండో కిలోమీటర్ దగ్గర ఉంటుంది 😂 తెల్ల అన్నం పెరుగు, ఇడ్లీ, ఆలుగడ్డ, ఇట్లాంటివి కడుపుకి తేలిక. పొద్దున రెండు మూడు గంటల ముందు రెండు ఇడ్లీలో, బ్రెడ్ జామో, టైం లేకపోతే ఒక అరటిపండు.

రాగిసంగటి · బుధవారం ఉదయం 8:21
నాకు ఎప్పుడూ ఏం కాలేదు. అలవాటే అంతా.

బీటీఎం_బాబాయ్ · బుధవారం ఉదయం 8:50
అలవాటున్న కడుపుకి సంగటి, లేని కడుపుకి ఇడ్లీ, సరిపోయిందా? రేసు రోజు కొత్తది ఏదీ తినొద్దు, కొత్తది ఏదీ తొడగొద్దు.

జెల్ మాత్రం దండగ కాదండోయ్, దూరాన్ని బట్టి. ఒంట్లో పిండి పదార్థం గ్లైకోజెన్ రూపంలో కండరాల్లో, కాలేయంలో దాచిపెట్టుకుంటాం, అది సుమారు 1500 నుంచి 2000 కేలరీలు. పరిగెత్తితే కిలో బరువుకి కిలోమీటర్‌కి దాదాపు ఒక కేలరీ. ఈ అబ్బాయి 84 కిలోలు, ఫుల్‌కి 3500 దాకా కావాలి. కొంత కొవ్వు నుంచి వస్తుంది గానీ అది నిదానంగా కరుగుతుంది, స్పీడ్ పెరిగేకొద్దీ ఒళ్ళు గ్లైకోజెన్‌నే అడుగుతుంది. అందుకే 30, 32 కిలోమీటర్లు దాటాక చాలామందికి ఉన్నట్టుండి కాళ్ళు సీసం పోసినట్టు అయిపోతాయి, తల పనిచేయదు, ఇంకా ఎంత దూరం ఉందో కూడికలు రావు. దాన్నే వాల్ అంటారు. దానికి మందు రెండే, మొదటి సగం ఒళ్ళు దగ్గర పెట్టుకుని నిదానంగా పోవడం, గంటకి 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం నోట్లో వేసుకుంటూ ఉండటం. జెల్లో, ఖర్జూరాలో, బెల్లం ముక్కో నీ ఇష్టం, కానీ దాన్ని ట్రైనింగ్ పరుగుల్లోనే తిని చూసుకోవాలి. 10కె కి ఇదేం అక్కర్లేదు, గంటా గంటన్నరలో అయిపోయేదానికి పొద్దున తిన్న ఇడ్లీ చాలు.

మడివాళ_మౌనిక · బుధవారం మధ్యాహ్నం 12:30
నాకో డౌట్. ఐదింటికి ఒంటరిగా బయటికెళ్ళాలంటే మనుషుల కన్నా కుక్కలంటే భయం. మా సందు చివర ఆరేడు ఉంటాయి, పరిగెత్తడం చూస్తే చాలు వెంటపడతాయి. మీరంతా ఏం చేస్తారు?

కబ్బన్_అక్క · బుధవారం మధ్యాహ్నం 12:55
వాటి దగ్గరకి రాగానే పరుగు ఆపేసి నడక. పరిగెత్తేదాన్ని తరమడం వాటి గుణం, ఆగితే సగం వాటికి ఆసక్తి పోతుంది. కళ్ళలోకి చూడకుండా, వీపు చూపించకుండా పక్కకి జరిగిపో. సందు చివరిదాకా నడిచి మెయిన్ రోడ్డు ఎక్కాక మొదలుపెట్టు. కరిచిందా, గాయాన్ని సబ్బు నీళ్ళతో పదిహేను నిమిషాలు కడిగి అదే రోజు టీకా, రేపు చూద్దాం అనొద్దు.

రెండోది, మంచి స్పోర్ట్స్ బ్రా మీద డబ్బు పెట్టు, షూ కంటే ముందు. తొడలకి, చంకల దగ్గర, బ్రా ఎలాస్టిక్ కింద వాసలీన్ రాసుకో, లేకపోతే స్నానం చేసేటప్పుడు నీళ్ళు పడగానే మంట. మగవాళ్ళకీ చెప్తున్నా, చొక్కా రాపిడికి రొమ్ముల దగ్గర రక్తాలొస్తాయి, ఫినిష్ ఫోటోల్లో చూడండి ఎర్ర చారలు. పీరియడ్స్ రోజుల్లో ఒంట్లో ఓపికుంటే పరిగెత్తొచ్చు, లేకపోతే మానేయొచ్చు. కానీ ట్రైనింగ్ పెంచాక పీరియడ్స్ రావడమే ఆగిపోతే, తిండి సరిపోవట్లేదని ఒళ్ళు చెప్తున్నట్టు, డాక్టర్‌కి చూపించాలి. మన గ్రూపుల్లో దీని గురించి ఎవరూ మాట్లాడరు.

మడివాళ_మౌనిక · బుధవారం మధ్యాహ్నం 1:02
థాంక్యూ అక్కా, ఇది అడుగుదామనే ఆగిపోయా.

గచ్చిబౌలి_టు_హెచ్ఎస్ఆర్ · బుధవారం సాయంత్రం 5:15
టాపిక్ మారుస్తున్న, ఈ 42 ఓకే గానీ ఆ 195 మీటర్ల లొల్లి ఏంది?

బీటీఎం_బాబాయ్ · బుధవారం సాయంత్రం 5:40
1896 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో దూరం ఇంచుమించు 40 కిలోమీటర్లే, స్పిరిడాన్ లూయిస్ అనే గ్రీకు నీళ్ళు మోసే అతను గెలిచాడు. 1908లో లండన్ వాళ్ళు విండ్సర్ కోట దగ్గర మొదలుపెట్టి స్టేడియంలో రాజకుటుంబం కూర్చున్న బాక్స్ ముందు ముగించారు, కొలిస్తే ఇంత వచ్చింది. 1921లో అదే ఖాయం చేసేశారు. ఎవరో రాణిగారి సౌకర్యానికి మనం ఆఖర్లో కుంటుతున్నాం.

బెల్లందూర్_బ్యాచిలర్ · గురువారం రాత్రి 9:30
సరే నిర్ణయం అయిపోయింది, ఫుల్ క్యాన్సిల్, 10కె కే పేరు ఇస్తా. టీం లీడ్ నవ్వాడు, ఫర్లేదు. ఇంకో రెండు డౌట్లు. ఈ ఏడాది 10కె అయ్యాక తర్వాత ఏ ఈవెంట్లు చూసుకోవాలి? రెండోది, మా ఫ్రెండ్ హాఫ్‌కి రిజిస్టర్ చేసి ఆన్‌సైట్ వెళ్ళిపోతున్నాడు, వాడి బిబ్ (చొక్కాకి పెట్టుకునే రేసు నెంబర్) పెట్టుకుని నేను సరదాగా హాఫ్ పరిగెత్తొచ్చా?

చెన్నై_చెమట · గురువారం రాత్రి 9:48
బిబ్ విషయం మాత్రం వద్దండీ. ఆ నెంబర్ మీద బ్లడ్ గ్రూపు, ఇంట్లోవాళ్ళ ఫోన్ నెంబర్ అన్నీ మీ ఫ్రెండ్‌వి. మీరు దారిలో కళ్ళు తిరిగి పడిపోతే అంబులెన్స్ వాళ్ళు ఫోన్ చేసేది వాళ్ళ అమ్మగారికి. దొరికితే డిస్‌క్వాలిఫై కూడా చేస్తారు.

కబ్బన్_అక్క · గురువారం రాత్రి 10:10
ఈవెంట్లంటే, ఏప్రిల్-మే ప్రాంతంలో వరల్డ్ 10కె ఉంటుంది, 2008 నుంచి జరుగుతోంది, విదేశాల నుంచి పెద్ద పెద్ద రన్నర్లు వస్తారు, ఊరంతా రోడ్డు మీదే ఉంటుంది, కొత్తవాళ్ళకి ఆ సందడే సగం బలం. హాఫ్‌కి వచ్చినప్పుడు శ్రీరంగపట్నం దగ్గర కావేరి ట్రైల్ ఒకసారి చెయ్, కాలువ గట్టు మీద మట్టి దారి, ఒకపక్క పొలాలు, నీడ మాత్రం తక్కువ కాబట్టి టోపీ మర్చిపోవద్దు. ఫుల్ అంటే ముంబై చాలామంది కల, జనవరిలో, కానీ కాళ్ళు అయిపోయాక ఆఖర్లో పెద్దర్ రోడ్ ఎత్తు వస్తుంది. ఏదైనా సరే పేరిచ్చే ముందు కటాఫ్ టైం, అంటే ఎంతసేపట్లో పూర్తి చేయాలో, చూడు. పేరు చెప్పను గానీ ఒక ఈవెంట్‌లో మా వెనకవాళ్ళు వచ్చేసరికి నీళ్ళ స్టాల్ టేబుళ్ళు మడతపెట్టేస్తున్నారు, అప్పటి నుంచి నడుముకి చిన్న బాటిల్ కట్టుకునే వెళ్తున్నా.

ఫిజియో_వైట్‌ఫీల్డ్ · గురువారం రాత్రి 10:26
రేసు పొద్దున "ముందు జాగ్రత్త" అని పెయిన్ కిల్లర్ మింగి రావొద్దు, చాలామంది చేస్తున్నారు. డీహైడ్రేషన్‌లో అవి కిడ్నీలకి మంచిది కాదు, పైగా ఆగమని చెప్పే నొప్పిని మూసేస్తాయి. ఆఖరి వారం కొత్తగా దూరం పెంచడం కూడా వద్దు, 10కె అయితే వారం, ఫుల్ అయితే రెండు మూడు వారాల ముందు నుంచే తగ్గించుకుంటూ రావాలి.

బీటీఎం_బాబాయ్ · శుక్రవారం ఉదయం 6:05
ఇంకో మాట. హారన్ కొట్టగానే అందరూ గుంపుగా ఉరుకుతారు, వాళ్ళతో పాటు ఉరికావా మూడో కిలోమీటర్‌కి మొన్నటి నీ అపార్ట్‌మెంట్ ముందు సీనే. వెనక వరసలో నిలబడు, టైమింగ్ చిప్ నువ్వు స్టార్ట్ మ్యాట్ తొక్కినప్పటి నుంచే లెక్కపెడుతుంది కాబట్టి ముందుకు తోసుకుని పోయేదేం లేదు. మొదటి రెండు కిలోమీటర్లు వంటల కబుర్లు చెప్పే స్పీడే.

బెల్లందూర్_బ్యాచిలర్ · శుక్రవారం ఉదయం 9:20
నోట్ చేసుకున్నా బాబాయ్. ఆదివారం కబ్బన్ పార్క్‌కి వద్దామనుకుంటున్నా, తెల్లవారుజామున మెట్రో ఉంటుందా? బైక్ సర్వీస్‌కి ఇచ్చా.

కబ్బన్_అక్క · శుక్రవారం ఉదయం 9:34
ఆదివారాలు మెట్రో ఆలస్యంగా మొదలవుతుంది, రేసు రోజుల్లో అయితే కొన్నిసార్లు ముందే నడుపుతారు గానీ మామూలు ఆదివారం మాకు పనికిరాదు. మౌనిక మడివాళ నుంచి నా కారులో వస్తోంది, నిన్ను అగర జంక్షన్ దగ్గర ఎక్కించుకుంటా, ఐదుంబావుకల్లా ఫ్లైఓవర్ కింద ఉండు. ఒక జత పొడి బట్టలు, చిన్న టవల్ తెచ్చుకో, నా సీట్లు తడిపితే ఊరుకోను.

నమ్మకం_లేదు · శుక్రవారం ఉదయం 9:41
లాల్‌బాగ్ బోర్ కొట్టిందట మా ఆవిడకి. కారులో ఇంకొకరికి చోటుందా? నాకు కాదు.

కబ్బన్_అక్క · శుక్రవారం ఉదయం 9:43
ఉంది. మీకు కూడా ఉంది.